ముఖాలతో పాటు పేర్లు కూడా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో పది పదిహేనేళ్ల నాటి ఛాయాచిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడు మాకు తరచుగా వినిపించే సమాధానం ఒక్కటే: “అవన్నీ పాత కంప్యూటర్‌లో ఉన్నాయి.” కువైట్ వలసకు పేరుపడిన జిల్లా మనది. సెలవుపై వచ్చిన కుమారుడో, అల్లుడో వెంట తెచ్చిన డిజిటల్ కెమెరాతో తీసిన నికాహ్ చిత్రాలు, అఖీఖా నాటి పసివాని ముఖం, ఈద్‌గాహ్ నుండి తిరిగి వచ్చిన అన్నదమ్ముల వరుస, హజ్‌కు బయలుదేరుతున్న దాదాకు వీడ్కోలు, ఇవన్నీ కొన్ని వేల ఫైళ్లుగా ఆ యంత్రంలో నిలిచి ఉంటాయి. వాటిని వరుసగా పేర్చి చూపుతూ వచ్చిన సాఫ్ట్‌వేర్ చాలా ఇళ్లలో ‘పికాసా’. ఆ పికాసా నిలిచిపోయి ఏళ్లు గడిచాయి. ఇంటి చిత్రాలను అందులో నుండి క్షేమంగా బయటకు తీసుకురావడం ఎలాగన్నది ఈ నెల మా అంశం.

పికాసాను 2004లో గూగుల్ సంస్థ కొనుగోలు చేసి, ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచింది. కంప్యూటర్‌లో ఏ మూలనున్న చిత్రాన్నయినా అది తానే వెతికి, కాలక్రమంలో పేర్చి చూపేది. 2009లో వచ్చిన కూర్పుతో చిత్రాలలోని ముఖాలను గుర్తించి, ఒకే మనిషివనిపించిన వాటిని ఒకచోట చేర్చి, పేరు చెప్పమని అడగడం మొదలుపెట్టింది. మన ఇళ్లలోని కళాశాల విద్యార్థులు, ఆడపిల్లలు సెలవుల్లో కూర్చుని ఆ ఖాళీలను నింపారు: దాదీ, పెద్ద ఫూఫీ, జమ్మలమడుగు మామూ, కువైట్ చాచా. 2016 ఫిబ్రవరి 12న గూగుల్ తన నిర్ణయాన్ని ప్రకటించింది. ఆ ఏడు మార్చి 15తో కంప్యూటర్‌లోని పికాసాకు మద్దతు ముగిసింది. ఇంటర్నెట్‌లోని పికాసా వెబ్ ఆల్బమ్‌ల ఉపసంహరణ మే నెల నుండి మొదలయింది.

మద్దతు ముగియడమంటే ఆ సాఫ్ట్‌వేర్ మరునాడే మూతపడడం కాదు. పాత కంప్యూటర్‌లో అది నేటికీ తెరుచుకుంటుంది, చిత్రాలు చూపుతుంది. మన అజాగ్రత్తకు మూలం కూడా అదే. కానీ దానిలో లోపం తలెత్తితే సరిదిద్దేవారు లేరు. కొత్త యంత్రం కొన్నప్పుడు సంస్థ నుండి నేరుగా తెచ్చుకునే వీలు లేదు. దాన్ని మోస్తున్న విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ మద్దతు ఆగిపోయింది. అన్నిటికీ మించి ఆ కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ తిరిగే యంత్రం. ఏదో ఒకనాడు అరిగి ఆగిపోయే వస్తువు.

ఇటువంటి నిష్క్రమణ ఇదొక్కటే కాదు. మన యువకులు ఎంతో ఇష్టంగా వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్‌లోని వ్యక్తిగత ఖాతాలకు 2019 ఏప్రిల్ 2న తెరపడింది. పికాసా స్థానంలో వచ్చిన గూగుల్ ఫోటోస్‌లో కొంత నాణ్యత తగ్గించిన చిత్రాలను ఎన్నయినా ఉచితంగా దాచుకునే సౌకర్యం ఉండేది. 2021 జూన్ 1 నుండి కొత్తగా చేర్చేవన్నీ 15 జీబీ పరిమితిలోకి వచ్చాయి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను, అందులోని చిత్రాలతో సహా తొలగించవచ్చునన్న నియమాన్ని ఆ సంస్థ 2023లో ప్రకటించింది. ఒక వ్యాపార సంస్థ తన వస్తువును ఎన్నాళ్లు నడపాలన్నది దాని ఇష్టం. మన పెద్దల ముఖాలను కాపాడుకోవలసిన బాధ్యత మాత్రం ఏ సంస్థకూ అప్పగించదగినది కాదు.

ఇక అసలు పనిలోకి వద్దాం. ముందుగా ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. చిత్రాలు పికాసా లోపల లేవు. అవి హార్డ్ డిస్క్‌లోని మామూలు ఫోల్డర్లలోనే ఉన్నాయి. పికాసా వాటిని చూపించే అద్దం వంటిది. అద్దాన్ని తొలగించినంత మాత్రాన చిత్రాలు పోవు. అందుచేత చాలామంది ఆ ఫోల్డర్లను కొత్త డిస్క్‌లోకి కాపీ చేసి, పని అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ కాపీతో ఏమి వస్తుందో, ఏమి వెనుక ఉండిపోతుందో తెలుసుకోవాలి.

ఫోటో కింద రాసుకున్న వ్యాఖ్య, అది జేపెగ్ చిత్రమైతే, ఆ ఫైలులోనే నమోదై ఉంటుంది. ఎక్కడికి తీసుకుపోయినా వెంట వస్తుంది. మనం చేసిన మార్పుల సంగతి వేరు. వంకర సరిచేయడం, అనవసరమైన అంచులు కత్తిరించడం, కంటి ఎరుపు తీసివేయడం వంటి వాటిని పికాసా అసలు చిత్రంలో వెంటనే చేయదు. ప్రతి ఫోల్డర్‌లోనూ కంటికి కనిపించకుండా ఉండే ‘పికాసా డాట్ ఐఎన్ఐ’ అనే చిన్న ఫైలులో ఆ సూచనలను రాసి పెట్టుకుని, చూపించేటప్పుడు వాటిని అమలు చేస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ సూచనలను చదవదు. కనుక పికాసా తెరుచుకుంటున్నప్పుడే ‘సేవ్’ బటన్‌ను వాడి మార్పులను చిత్రంలోకి ఎక్కించుకోవాలి. అసలు ప్రతి మరొక దాపు ఫోల్డర్‌లో భద్రంగా ఉంటుంది. అది ఇష్టం లేనివారు ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారా మార్పులతో కూడిన కొత్త ప్రతిని వేరే ఫోల్డర్‌లోకి తీసుకోవచ్చు.

ఆల్బమ్‌లదీ ఇదే స్థితి. ‘అన్న వలీమా’ అని ఆల్బమ్ పెట్టి అందులో చేర్చిన రెండు వందల చిత్రాలు నిజానికి నాలుగు వేరు వేరు ఫోల్డర్లలో ఉండవచ్చు. ఆల్బమ్ అనేది పికాసా తన దగ్గర ఉంచుకున్న జాబితా మాత్రమే. ముఖ్యమైన ప్రతి ఆల్బమ్‌నూ ‘ఎక్స్‌పోర్ట్’ చేసి, దానికొక ఫోల్డర్ ఏర్పరచుకోవాలి. ఫోల్డర్ పేరును ‘2009-05 అన్న వలీమా, ప్రొద్దుటూరు’ అన్నట్లు సంవత్సరం, నెల, సందర్భం, ఊరు వచ్చేలా పెట్టుకుంటే, రేపు ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా అది వరుసలోనే కనిపిస్తుంది.

అన్నిటికంటే విలువైనవి, అన్నిటికంటే తేలికగా పోయేవి పేర్లు. ముఖానికి మనం ఇచ్చిన పేరును పికాసా మామూలుగా చిత్రంలో రాయదు. తన సొంత జాబితాలోనూ, ఆ దాపు ఫైళ్లలోనూ ఉంచుకుంటుంది. చిత్రాలను మాత్రమే కాపీ చేసుకున్నవారికి ముఖాలు వస్తాయి, పేర్లు రావు. ఆనాడు పేర్లు నింపిన అమ్మాయి నేడు అత్తవారింట ఉంటుంది. ఎవరెవరో చెప్పిన నానీ ఇప్పుడు మన మధ్య ఉండకపోవచ్చు. వెనుక వరుసలో నిలబడిన ఆ పెద్దాయన ఎవరని పిల్లవాడు అడిగితే చెప్పేవారు ఇంట్లో ఉండరు.

హదీసు విద్యతో పరిచయమున్న పాఠకులకు ‘మత్న్’, ‘సనద్’ అన్న మాటలు తెలుసు. మత్న్ అంటే చెప్పబడిన వచనం. సనద్ అంటే అది ఎవరి ద్వారా ఎవరికి అందిందో తెలిపే వరుస. ఎంత చక్కని వచనమైనా, దాని వరుస తెలియనప్పుడు విద్వాంసులు దాన్ని ఆధారంగా తీసుకోవడానికి వెనుకాడారు. ఆ మహత్తర విద్యకూ మన ఇంటి ఫోటోలకూ సామ్యం చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ శ్రద్ధ మనకొక అలవాటును నేర్పుతుంది. ఇందులో ఉన్నది ఎవరు, ఎప్పటిది, ఏ ఊరిలోనిది, ఈ సంగతి ఎవరు చెప్పారు అన్న నాలుగు వివరాలు వెంట ఉన్న చిత్రం ముందు తరానికి బంధువును చూపుతుంది. అవి లేని చిత్రం అపరిచితుని ముఖంగా మిగిలిపోతుంది.

ఆ పేర్లను తీసుకువచ్చే మార్గం పికాసాలోనే ఉంది. 3.9 కూర్పులో ‘టూల్స్’లోని ‘ఆప్షన్స్’కు వెళ్లి ‘నేమ్ ట్యాగ్స్’ అనే భాగంలో, పేర్లను ఫోటోలోనే భద్రపరచమని చెప్పే గడిలో గుర్తు పెట్టాలి. పాత చిత్రాలకు ‘టూల్స్’లోని ‘ఎక్స్‌పరిమెంటల్’ కింద ‘రైట్ ఫేసెస్ టు ఎక్స్ఎంపీ’ అన్న ఆదేశం ఉంటుంది. వేల చిత్రాలున్నప్పుడు ఇది పూర్తి కావడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపరాదు. ఆ తరువాత పేరు, ముఖం ఉన్న చోటు రెండూ చిత్రపు ఫైలులోనే నిలుస్తాయి. ‘డిజికామ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చదవగలదు. అది ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. విండోస్‌లోనూ, మాక్‌లోనూ, లైనక్స్‌లోనూ పనిచేస్తుంది. ఈ పనికి దిగే ముందు మొత్తం చిత్రాలకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవడం తప్పనిసరి. యూజర్ ఫోల్డర్‌లో కనిపించకుండా ఉండే ‘యాప్ డేటా’లో, ‘లోకల్’ కింద, ‘గూగుల్’ అన్న చోట ఉండే ‘పికాసా2’, ‘పికాసా2ఆల్బమ్స్’ ఫోల్డర్లను కూడా ఆ నకలులో చేర్చాలి. ఇవన్నీ ముగిసేవరకు పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించవద్దు, అమ్మవద్దు.

తేదీల విషయంలో మన ప్రాంతానికే చెందిన ఒక చిక్కు ఉంది. కువైట్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ కొని, అక్కడి సమయం పెట్టిన కెమెరాతో ప్రొద్దుటూరులో అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు తీసిన చిత్రం ముందు రోజు రాత్రి పదిన్నరకు తీసినట్లు నమోదవుతుంది. పెళ్లి తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది. హిజ్రీ తేదీ రాసుకునేవారు మగ్రిబ్‌తో దినం మారుతుందన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. సాయంకాలపు నికాహ్‌కు ఇంగ్లీషు తేదీ ఒక లెక్క, హిజ్రీ తేదీ మరొక లెక్క. ఇంట్లోని నికాహ్‌నామాతో సరిచూసుకుంటే సందేహం తీరుతుంది. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫోటో పేరులో కనిపించే తేదీని చూసి కూడా మోసపోరాదు. అది పంపిన నాటి తేదీ. తీసిన నాటిది కానవసరం లేదు. మామూలుగా పంపినప్పుడు చిత్రపు నాణ్యత తగ్గి, తీసిన సమయపు వివరాలు చెరిగిపోతాయి. ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపితే అవి నిలుస్తాయి.

ఇప్పుడు పనిని ఎవరెవరు చేయాలన్న ప్రశ్న. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల ఉంది. అటువంటి చోట చదువుకునే పిల్లవానికి పైన చెప్పినదంతా ఒకటి రెండు రోజుల పని. అయితే ఆ పిల్లవానికి చిత్రంలోని వారెవరో తెలియదు. తెలిసిన దాదీకి ఫైలంటే ఏమిటో తెలియదు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటే తప్ప ఈ పని పూర్తి కాదు. పిల్లవాడు చిత్రాన్ని పెద్దది చేసి చూపాలి, దాదీ చెప్పాలి, పిల్లవాడు చెప్పినది చెప్పినట్లు రాయాలి. “మీ అబ్బాకు చిన్నాన్న, మైలవరం నుండి వచ్చేవాడు, బట్టల వ్యాపారం చేసేవాడు” అని ఆమె అంటే, ఆ మాటలన్నీ వ్యాఖ్యగా చేర్చాలి. ఒక పూటకు యాభై చిత్రాలకు మించి పెట్టుకోవద్దు. పెద్దల కళ్లు అలసిపోతాయి, మనసు బరువెక్కుతుంది. చెప్పినవారి పేరు కూడా చివర రాయడం మంచిది. మరొక ఇంట మరొకరు వేరే పేరు చెప్పినప్పుడు ఎవరిని అడగాలో అప్పుడు తెలుస్తుంది.

ఈ శ్రమ ఎందుకని అడిగేవారికి మన జిల్లా నుండే సమాధానం ఉంది. గండికోట జలాశయంలో నీరు నిల్వ చేసేందుకు కొండాపురం మండలంలోని గ్రామాలు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వాసులు ఊరు విడిచారు. వీధులు, వాకిళ్లు, బావిగట్లు పెన్నా నీటి కింద ఉన్నాయి. అటువంటి కుటుంబానికి గుమ్మం ముందు నిలబడి తీయించుకున్న పాత ఫోటో ఒక్కటి మిగిలి ఉంటే, ఆ గుమ్మం ఎవరిదో, పక్క ఇల్లు ఎవరిదో అందులో రాసి ఉంటే, పునరావాస కాలనీలో పుట్టిన బిడ్డకు తన తాత ఊరు ఎలా ఉండేదో తెలుస్తుంది.

మరొక ఉదంతం నకళ్ల గురించి హెచ్చరిస్తుంది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలోని అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, చెయ్యేరు వరద దిగువ గ్రామాలను ముంచెత్తింది. ప్రాణాలే పోయిన చోట ఫోటోల మాట ఎత్తడం చిన్న విషయంగా తోచవచ్చు. కానీ పోయినవారి ముఖాన్ని చూసుకునేందుకు చిత్రం కూడా లేకపోవడం మిగిలినవారికి ఎటువంటి దుఃఖమో ఊహించడం కష్టం కాదు. ఒకే ఇంట్లో రెండు డిస్క్‌లు ఉంటే అవి రెండూ ఒకే వరదలో పోతాయి. ప్రొద్దుటూరులోని ఇంట్లో ఒక నకలు, జమ్మలమడుగులోని ఆడపడుచు ఇంట్లో ఒకటి, పులివెందులలోని మామూ ఇంట్లో ఒకటి ఉంచుకునే వీలు మన కుటుంబాలకు సహజంగానే ఉంది. పెన్‌డ్రైవ్ ఏళ్ల తరబడి దాచడానికి తగినది కాదు. బయటి హార్డ్ డిస్క్ మేలు. దాన్ని కూడా ఏడాదికొకసారి, రమజాన్‌కు ముందో తరువాతో, తెరిచి చూసుకోవాలి.

నకలు తీసినంత మాత్రాన సరిపోదు, పోల్చి చూడాలి. కడపలో నివసించిన సి.పి. బ్రౌన్ సొంత ఖర్చుతో పండితులను నియమించి, శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలకు కాగితంపై నకళ్లు రాయించాడు. ఒకే గ్రంథపు పలు ప్రతులను తెప్పించి సరిపోల్చి చూపించాడు. మనం చేయవలసిన పోలిక అంతకంటే సులువు. పాత ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లు, మొత్తం ఎన్ని జీబీలు అన్న అంకెలు రాసుకుని, కొత్త ఫోల్డర్‌తో సరిచూడాలి. ఆపైన అక్కడక్కడ యాభై చిత్రాలు తెరిచి, పేర్లు, తేదీలు వచ్చాయో లేదో పరిశీలించాలి. అవి సరిపోయిన తరువాతనే పాత యంత్రానికి వీడ్కోలు చెప్పాలి.

ఇంటి ఆడవారి చిత్రాలున్న డిస్క్‌ను ఎవరి చేతికి ఇస్తున్నామన్నది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. బయటివారి కంట పడకూడదని వారు కోరుకున్న చిత్రాలు మన దగ్గర అమానత్‌గా ఉన్నాయి. వీలైనంతవరకు ఇంట్లోనే, ఇంటివారి చేతనే ఈ పని జరగాలి. కంప్యూటర్ వెలగక దుకాణానికి తీసుకుపోవలసి వస్తే, హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే చిన్న పరికరాన్ని కొనుక్కుని ఇంట్లో ప్రయత్నించిన తరువాతనే వెళ్లాలి. వెళ్లినప్పుడు ఎవరైనా పక్కన కూర్చోవాలి, నకలు అక్కడ మిగలకుండా చూడాలి. ఇంటర్నెట్ ఖాతాలో దాచేవారు ఆ ఖాతా సంకేతపదం మరొక నమ్మకస్తునికి తెలిసేలా ఏర్పాటు చేయాలి. ఛాయాచిత్రాల విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్న సంగతి మేమెరుగుదుము. తమ చిత్రం ఉంచవద్దని ఎవరైనా పెద్దలు చెప్పి ఉంటే, ఆ మాటను మన్నించి తీసివేయడం కూడా ఈ అమానత్‌లో భాగమే.

ఇంట్లో మరణించిన పెద్దల కోసం మనం దుఆ చేస్తాము. పేరు తెలిసినవారిని పేరుతో తలచుకుంటాము. చిత్రంలో ఉన్న మనిషి మన రక్తసంబంధీకుడని తెలిసి, పేరు మాత్రం తెలియకపోవడం మన పిల్లలకు మనం మిగిల్చే లోటు అవుతుంది. యంత్రం ఇంకా తెరుచుకుంటున్నది, చెప్పగలిగిన దాదీ ఇంకా మన మధ్య ఉన్నది. రెండూ ఉన్న ఇళ్లు ఈ నెలలోనే, మొదటి యాభై చిత్రాలతో, పని ప్రారంభించాలని మా కోరిక.